ముందు మూతా, ముందు బొట్టా

పాతికేళ్ల కిందట చేసిన పనిలో ఏది ముందు చేశారో, ఏది వెనక చేశారో ఎవరికీ గుర్తుండదు. అందులో తప్పు లేదు. నాకు మాత్రం మర్నాటికే గుర్తు లేకుండా పోయింది. రెండే పనులు. రెండూ నా చేతులే చేశాయి. మధ్యన అర నిమిషం తేడా కూడా లేదు. ఏది ముందు? నా తలకాయంత దండగమారి తలకాయ ఈ కోలారు జిల్లాలో ఇంకొకటి ఉండదని ఆ రోజుల్లో పూటకు పదిసార్లు తిట్టుకున్నాను. తిట్టుకుంటే గుర్తొస్తుందా? రాలేదు.

అప్పట్లో నేను బెంగళూరులో విమానాల ఇంజన్లు విప్పి బాగుచేసే ఒక వర్క్‌షాపులో మెకానిక్కుని. ఇల్లు రాబర్ట్‌సన్‌పేటలో. తెల్లవారుజామున రైలెక్కడం, పొద్దుగూకాక దిగడం. నాయన అక్కడి బంగారు గనుల్లో కంప్రెసర్ హౌసు ఫిట్టరు. భూమి అడుగున రాయి తొలిచే డ్రిల్లులకు పైనుంచి గాలి పంపే పెద్ద మిషను ఆయనది. గనులు సర్కారు చేతికి వచ్చినాక ఏమైనా మారిందా అని అడిగితే, "బోర్డు మార్చినారు, మిషను మార్చలేదు" అనేవాడు. ఆ మిషనును ఆయన తప్ప ఇంకొకరు తుడిస్తే ఆ పూటంతా ఇంట్లో ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

ఇంధనం సరఫరా చేసే భాగాల విభాగంలోకి నన్ను మార్చిన కొత్తలో ఒక ఆదివారం నాయన అడిగాడు.

"విమానానికి పోసేది ఏం నూనెరా?"

"కిరసనాయిలు జాతిదే నాయినా. బాగా శుద్ధి చేసింటారు."

వంటింట్లోంచి అమ్మ అందుకుంది. "అట్లయితే మన పంపు స్టవ్వే కదప్పా! దానికి ఇంత చదువు చదవల్నా?"

నాకు చుర్రుమంది. నాలుగేళ్లు రైల్లో నిలబడి డిప్లొమా చేస్తే పంపు స్టవ్వంట! కానీ ఆమె సగం నిజమే చెప్పింది కాబట్టి ఆ స్టవ్వునే ముందు పెట్టుకుని చెప్పాను. స్టవ్వుకు ఉన్నట్టే విమానానికీ ట్యాంకు ఉంటుంది. అందులోనే ఒక పంపు ఉండి నూనెను బయటికి తోస్తుంది. దారిలో వడపోత. ఆ తర్వాత ఇంజన్ నుంచి వచ్చే వేడి ఆయిలు గొట్టాల పక్కనుంచి నూనె పోతుంది. దాంతో ఆయిలు చల్లబడుతుంది, నూనె వెచ్చబడుతుంది, నూనెలో ఎక్కడైనా నీటి చుక్క ఉంటే పై చలికి గడ్డకట్టి దారి మూసెయ్యకుండా ఉంటుంది. తర్వాత పళ్లచక్రాల పంపు ఒకటి ఆ నూనెను విపరీతమైన ఒత్తిడితో తోస్తుంది. చివర మన స్టవ్వు నిపుల్ లాంటివే, ఇంజన్ చుట్టూ వరసగా ఉంటాయి. సన్నటి రంధ్రాల్లోంచి నూనె మంచు పొగలాగా చిమ్మి మండుతుంది.

"మధ్యలో నువ్వు చేసేదేమి?" అన్నాడు నాయన.

"స్టవ్వు మంట పెద్దదైతే అమ్మ చూసి తగ్గిస్తాది కదా. పైన పైలట్‌కు మంట కనపడదు. వాడు ఒక లివర్ తోస్తాడు, ఇంత వేగం కావాల అని. ఎంత నూనె వదలాలనేది మా యూనిట్ లెక్క. ఇంజన్ ఎంత తిరగతా ఉండాది, వచ్చే గాలి ఎంత గట్టిగా ఉండాది, అన్నీ చూసుకోని వదుల్తాది. పైకి పోయే కొద్దీ గాలి పల్చబడుతుంది, అప్పుడు తగ్గించాల. ఒకేసారి ఎక్కువ వదిలినాదంటే గాలి అందక ఇంజన్ దగ్గుతుంది, లోపల రెక్కలు కాలిపోతాయి. తక్కువ వదిలినాదంటే మంట ఆరిపోతుంది."

"ఆరిపోతే?" అంది అమ్మ.

"కిందికి దిగతా దిగతా మళ్లీ వెలిగించుకోవాల."

"వెలక్కపోతే?"

నేను ముందున్న స్టవ్వును పక్కకు జరిపాను. నాయన మాత్రం నా మొహం చూశాడు. "ఆ యూనిట్ ఎంత ఉంటాదిరా?" అన్నాడు.

"మన ఇడ్లీ పాత్రంత. దాని లోపల ఒక గొట్టంలో ఇంకొక గొట్టం జారతా ఉంటాది. రెండిటి మధ్య సందులో వెంట్రుక కూడా దూరదు."

"అయ్యో, మా మిషనులో అయితే ఎలుక దూరతాది" అని నవ్వాడు. ఆ నవ్వులో నా గురించి గర్వం ఉంది. నాకు తెలుసు.

ఆ విభాగంలో మొదటి కొన్నేళ్లు నేను బిగించిన యూనిట్ మీద ఇంకొకరి ముద్ర పడేది. తర్వాత నాకే ముద్ర ఇచ్చారు. చిటికెన వేలు గోరంత ఉక్కు ముద్ర, అందులో నా అంకె. అది పడిందంటే దాని లోపలున్న ప్రతి స్క్రూకూ నేను పూచీ అని. ముద్ర చేతికి వచ్చాక నేనొక్కడినే మొదలు పెట్టి చివరిదాకా చేసిన మొదటి యూనిట్ ఆయుధ పూజ ముందు రోజు పూర్తయింది. టెస్టు బెంచి మీద ఒక్క సూది కూడా గీత దాటలేదు. ఆ సంతోషం చాలదని, నా జేబులో కుంకుమ పొట్లం ఒకటి ఉంది.

ఆ పొట్లం నాయనది. ఏటా ఆయుధ పూజకు ముందు ములబాగలు దాకా బస్సులో పోయి, అక్కణ్నుంచి కురుడుమలెకు నడిచిపోయి, గణపతి దగ్గర కుంకుమ తెచ్చేవాడు. ఆ కుంకుమే ఆయన మిషనుకు. బొట్టు పెట్టి, నిమ్మకాయ కోసి, బూడిద గుమ్మడికాయ పగలగొట్టి, అప్పుడు గానీ స్విచ్చి మీద చెయ్యి వేసేవాడు కాదు. ఆ ఏడు రెండు పొట్లాలు తెచ్చాడు. "నీకూ ముద్ర వచ్చినాది కదా. నీ మిషనుకూ పెట్టుకో. బొట్టు లేని మిషనుకు మనిషి మీద దయ ఉండదు" అన్నాడు.

మా విభాగం గది సంగతి నాయనకు ఏం తెలుసు? నాకు తెలుసు. ఆ గదిలో నూలుగుడ్డ పనికిరాదు, నూగు రాలుతుందని. మొహానికి పౌడరు కూడా కూడదు. పండుగకు సెలవు కాబట్టి వర్క్‌షాపులో పూజ ముందు రోజే, అదీ బయట హాల్లో. పటం, పనిముట్లు, పూలు అన్నీ అక్కడే. మా ఇన్‌స్పెక్టర్ సార్ కన్నడాయన. ఏటా ఆ రోజు తలుపు దగ్గర కాపలా కుక్కలాగా నిలబడి "పూజె హొరగడె! పూజ బయటే, లోపల వద్దప్పా" అని అందరినీ బెదిరించేవాడు. ఆయన మంగళహారతికి బయటికి వెళ్లిన కాసేపట్లో నేను ఆ పని చేశాను.

యూనిట్ తలుపు పక్క బల్ల మీద, పెట్టెలోకి పోవడానికి సిద్ధంగా ఉంది. నూనె లోపలికి వచ్చే మూతి ఒక్కటి తెరిచి ఉంది, మిగిలిన ఆయిలు చుక్కలు కారనీ అని నేనే వదిలాను. దాని పసుపుపచ్చ ప్లాస్టిక్ మూత పక్కనే ఉంది. ఆ మూత రంగు గుర్తుంది. బిగించేటప్పుడు అరచేతికి తగిలిన దాని గరుకు గుర్తుంది. వేళ్ల మధ్య కుంకుమ, దాని వాసన, యూనిట్ నెత్తిన నేను దిద్దిన బొట్టు, "సామీ, దీన్ని నువ్వే చూసుకోవాల" అని అనుకోవడం, అన్నీ గుర్తున్నాయి. తర్వాత ఇన్‌స్పెక్టర్ సార్ అడుగుల చప్పుడు. బొట్టును బొటనవేలితో తుడిచేశాను. పెట్టె మూసేశారు.

మర్నాడు పండుగ. అమ్మ ఇంట్లో ఇనప వస్తువులన్నిటికీ పసుపు రాసి బొట్టు పెడుతోంది. కత్తిపీట, రోకలి పొన్ను, నాయన స్పానర్లు, చివరికి పంపు స్టవ్వు. తర్వాత స్టవ్వు వెలిగించింది. మంట ఒకసారి చిటపటలాడి, ఎర్రగా పైకి లేచి, సగానికి పడిపోయింది.

"ఇదొకటి నా ప్రాణానికి! బొట్టు పొడి రాలినట్టుండాది" అని అమ్మ స్టవ్వు ఆర్పి, పిన్ను తీసి నిపుల్లో పొడిచి, మళ్లీ వెలిగించింది. నీలం మంట బుస్సుమని లేచింది. "ఏమిరా, దయ్యాన్ని చూసినట్టు నిలబడిపోయినావు?"

నేను నా బొటనవేలి వైపు చూసుకుంటున్నాను. బొట్టు తుడిచాను కదా. తుడిచినప్పుడు పొడి ఎటు రాలింది? అప్పటికి మూత ఉందా, లేదా? ముందు మూత పెట్టి బొట్టు పెట్టానా, బొట్టు పెట్టి మూత పెట్టానా? కళ్లు మూసుకుని చూస్తే మూత కనిపిస్తుంది, బొట్టు కనిపిస్తుంది, రెండూ పక్కపక్కన నిలబడతాయే గానీ ఒకటి ముందు నడవదు. పైన పిన్ను పెట్టి పొడవడానికి ఎవరుంటారు?

చొక్కా వేసుకుని బెంగళూరు బండెక్కాను. పండుగ పూట ఎక్కడికిరా అని అమ్మ వాకిట్లో అరుస్తూనే ఉంది. వర్క్‌షాపు గేటుకు అరటి పిలకలు కట్టి తాళం వేశారు. కాపలా ఆయన మన చిత్తూరు వైపు మనిషి, ముసలాయన.

"లోపల ఎవురూ లేరప్పా. మూడు దినాలు సెలవు. తలుపులకు సీలు వేసినారు."

"నా యూనిట్ పెట్టె ఒకటి..."

"ఆ పెట్టెలా? నిన్న సాయంత్రమే లారీలో పోయినాయి."

"సార్ ఇల్లు యాడ?"

"సారు పండక్కి వాళ్ల ఊరికి పోయినాడు. యాడనో మలెనాడంట. ఏమప్పా, అంత అవసరమా?"

ఆయన నా మొహం చూసి ఏమనుకున్నాడో, కాగితంలో బొరుగులు, బెల్లం ముక్క, అరటిపండు పెట్టి ఇచ్చాడు. గేటు బయట నిలబడి ఆ బొరుగులు తిన్నాను. ఏడుపు వచ్చింది. ముప్పై ఏళ్లు నిండిన మనిషిని, పట్టపగలు రోడ్డు మీద ఏడ్చాను.

సాయంత్రం ఇంటికి వచ్చి మూత సంగతీ, బొట్టు సంగతీ నాయనకు చెప్పాను. ఆయన భోజనం దగ్గర కూర్చుని ఉన్నాడు.

"దేవుని కుంకుమరా అది" అన్నాడు. "దేవునిది ఏం చేస్తాది? ఊరికే మనసు చెడగొట్టుకోవద్దు."

అలా అన్నాడు గానీ ఓళిగను సగం తుంచి అలాగే వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నాకు ఆయన మీద కోపం వచ్చింది. అన్యాయమైన కోపమే. ఎవరు తెమ్మన్నారు ఆ పొట్లం? ఎవరు పెట్టమన్నారు? పెట్టిన చెయ్యి నాదే అయినా కోపానికి నాయన దొరికాడు.

సెలవులు అయ్యాక ఇన్‌స్పెక్టర్ సార్ ముందు నిలబడ్డాను. అంతా విన్నాడు. అరవలేదు. ఆయన అరిచి ఉంటే బాగుండేది.

"మూత ముందా, బొట్టు ముందా?"

"గుర్తు లేదు సార్."

"మళ్లీ ఆలోచించు."

"సార్, మూడు దినాల నుంచీ అదే పని."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "గుర్తు లేదంటే బొట్టు ముందనే రాసుకోవాలప్పా. మన పనిలో అంతే."

యూనిట్ పోయిన చోటికి ఫోన్ చేశాడు. అటువైపు ఎవరో, మాట చాలదు రాతలో పంపండి అన్నారట. రాతలో పంపాలంటే వర్క్‌షాపు పెద్ద అధికారి సంతకం కావాలి, ఆయన దసరా సెలవు పొడిగించుకున్నాడు. ఆయన కింది అధికారి సంతకం పెట్టాలంటే పెద్ద అధికారి ఉత్తర్వు కావాలి. గాలిలో ఉన్న మనిషికి కాగితం మీద సంతకం ఎప్పుడు అందుతుంది? "ఇదేం పద్ధతి సార్!" అని అరిచాను. సార్ కూడా ఆ కాగితం పట్టుకుని గది గదికీ తిరిగిన మనిషే. "నన్నేం చెయ్యమంటావప్పా" అన్నాడు. ఆ మాట తర్వాత నాకు అరవడానికి కూడా ఎవరూ మిగల్లేదు.

చివరికి సంతకం పడి ఆ కాగితం పోవడానికి, దానికి జవాబు రావడానికి మధ్య రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. పొడి మూతిలో పడిందనే అనుకుందాం. మూతి వెనకే వేలితొడుగంత జల్లెడ ఉంది, పెద్ద రవ్వ అక్కడ ఆగుతుంది. మెత్తని పొడి దాటిపోతుంది. దాటినది ఆ జారే గొట్టం సందులో ఇరుక్కుంటుంది. ఇరుక్కుంటే పైలట్ లివర్ వెనక్కి లాగినా నూనె తగ్గదు, ముందుకు తోసినా పెరగదు. ఒకవేళ ఇరుక్కోకుండా కొట్టుకుపోతే ఏమీ కాదు. ఈ ఒకవేళలతోనే రైలెక్కేవాణ్ని, వాటితోనే దిగేవాణ్ని. పైన విమానం చప్పుడు వినిపిస్తే తల ఎత్తలేక నేల చూసేవాణ్ని.

గనిలో రాయి పేలినప్పుడల్లా షాఫ్టు దగ్గర ఆడవాళ్లు గుంపుగా నిలబడటం చిన్నప్పటి నుంచీ చూశాను. పైకి వచ్చే ప్రతి మొహంలో తమవాణ్ని వెతుక్కునేవాళ్లు. వాళ్లకు కనీసం పోయి నిలబడటానికి ఒక చోటు ఉండేది. నాకు అది కూడా లేదు. నేను ఎదురుచూస్తున్న మనిషి పేరు తెలియదు, మొహం తెలియదు. వాడికి పిల్లలున్నారో లేదో తెలియదు. వాడికి నేనెవరో అసలే తెలియదు. యూనిట్ మీద ఒక అంకె చూసి, ఎవడో బాగానే చేసి ఉంటాడు అనుకుని ఎక్కి కూర్చుని ఉంటాడు.

జవాబు వచ్చింది. యూనిట్ విప్పి వెనక్కి పంపుతున్నారు. అప్పటికే అది ఇంజన్‌కు ఎక్కింది. విమానం దాంతో నాలుగుసార్లు పైకి వెళ్లి వచ్చింది. ఫిర్యాదు ఏమీ లేదు.

నాలుగుసార్లు. ఆ మాట చదివి ఇన్‌స్పెక్టర్ సార్ కుర్చీలో కూర్చుండిపోయాడు.

పెట్టె వచ్చిన రోజు విప్పే పని నన్ను చెయ్యనివ్వలేదు. పక్కన నిలబడి చూడమన్నారు. ఇంకొక మెకానిక్కు, నా తోటివాడే, జల్లెడ తీసి తెల్లటి పళ్లెంలో విదిలించాడు. ఎర్రటి రవ్వలు మూడు. గసగసాల గింజ కంటే చిన్నవి. వాడు నావైపు చూడలేదు, పాపం. తర్వాత జారే గొట్టం బయటికి తీసి దీపం కింద తిప్పాడు. దాని మీద నిలువునా సన్నటి గీత. గోరుతో రాస్తే తెలియదు, వెలుగులో తెలుస్తుంది. ఒక రవ్వ జల్లెడ దాటింది. సందులో దూరింది. కాసేపు పట్టుకుంది. ఎందుకో వదిలేసింది.

అంటే బొట్టే ముందు. రవ్వలు సాక్ష్యం చెప్పాయి. నా బుర్రకు మాత్రం ఇవాళ్టికీ గుర్తు రాలేదు.

"ముద్ర ఇయ్యప్పా" అన్నాడు ఇన్‌స్పెక్టర్ సార్. చెయ్యి చాపి, వేరే వైపు చూస్తూ. "నువ్వు వచ్చి చెప్పినావు కాబట్టి ఉద్యోగం ఉండాది. ముద్ర ఉంచడం మాత్రం నా చేతిలో లేదు." జేబులోంచి తీసి ఆయన అరచేతిలో పెట్టాను. మళ్లీ అది నాకు రాలేదు. నన్ను స్టోర్సులోకి వేశారు. ఇంకొకరు బాగుచేసిన యూనిట్లకు చెక్కపెట్టెలు కొట్టి, చీటీ అంటించే పని. ఉద్యోగం చివరిదాకా అదే చేశాను.

ఇంట్లో చెప్పలేదు. "ఏమీ కాలేదు నాయినా. అందరూ బాగుండారు" అన్నాను. అది అబద్ధం కాదు. నాయన కళ్లు మూసుకుని చేతులు జోడించాడు. మర్నాటి నుంచి వీధి వీధంతా ఆయన చెప్పిందే చెప్పడం. "మావాడు బొట్టు పెట్టిన మిషను పడుతుందా? ఆ సామే కాపాడినాడు." కిరాణా అంగడి శెట్టి దగ్గర, టీ అంగట్లో, రైల్వేస్టేషన్లో. నేను పక్కనే ఉండి కక్కలేక మింగలేక తల ఊపేవాణ్ని. స్టోర్సు సంగతి తెలిస్తే ఆయన ఆ పొట్లం తెచ్చిన తన చేతులనే తిట్టుకుంటాడు. అందుకని అడిగినప్పుడల్లా నా యూనిట్లు బాగున్నాయనే చెప్పాను. ఏటా పొట్లం తెచ్చాడు. ఏటా తీసుకున్నాను. నా బల్ల సొరుగులో అవి పేరుకుపోయాయి.

తర్వాత గనులు ఆగిపోయాయి. కంప్రెసర్ హౌసుకు తాళం పడింది. ఆ ఏడు ఆయుధ పూజకు నాయన ఆయాసంతోనే కురుడుమలె పోయి ఒక్కటే పొట్లం తెచ్చాడు.

"నాకింగ మిషను లేదప్పా" అన్నాడు, నా చేతిలో పెడుతూ. "నీకుండాది. నాది కూడా కలిపి నువ్వే పెట్టు."

నాకూ లేదు నాయినా అని నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన వేళ్లు చూశాను. నలభై ఏళ్ల గ్రీజు గోళ్లలో నల్లగా ఉండిపోయింది, ఆ నలుపు మీద కుంకుమ. పొట్లం తీసుకుని వెళ్లాను. స్టోర్సులో నాకున్న ఆయుధం మేకులు కొట్టే సుత్తి. దానికి బొట్టు పెట్టాను.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి నాయన వాకిట్లోనే కూర్చుని ఉన్నాడు.

"పెట్టినావా?"

"పెట్టినాను నాయినా."

వీధి వైపు తిరిగి కూర్చున్నాడు. తర్వాత, లోపలున్న అమ్మకు వినపడకుండా, గొంతు తగ్గించి అడిగాడు.

"మూత మూసినాకనే పెట్టినావు కదప్పా?"

ఇన్నేళ్లూ ఆ సామే కాపాడినాడని వీధి వీధంతా తిరిగి చెప్పిన మనిషి. నా మొహం వైపు చూడలేదు. నేనూ ఆయన వైపు చూడలేకపోయాను.

"మూసినాకనే, నాయినా" అన్నాను.